అవుటైనవాణ్ణి వెనక్కి పిలిచే ఆట

బడి టైంటేబుల్లో ప్రతి పీరియడ్‌కీ ఒక హక్కుదారు ఉంటారు. లెక్కల పీరియడ్ లెక్కల సారుది, హిందీ పీరియడ్ హిందీ పండితులవారిది. గేమ్స్ పీరియడ్ మాత్రం ఊరుమ్మడి. సైన్సు మేడమ్‌కి సిలబస్ వెనకబడితే దాన్నే అడుగుతారు. సోషల్ సారు పెళ్ళికెళ్ళి రెండ్రోజులు సెలవు పెట్టి వస్తే ఆయనా దాన్నే అడుగుతారు. పక్కింటివాళ్ళు చేబదులు పట్టుకెళ్ళిన గ్లాసుడు పంచదారలా అది వెళ్ళడమే గానీ తిరిగి రావడం ఉండదు. పీఈటీ సారు ఎప్పుడైనా తొమ్మిదో తరగతి గుమ్మంలో నిలబడి, "మేడమ్, మా ఖోఖో పోర్షన్ మిగిలిపోయింది, మీ ఫిజిక్స్ పీరియడ్ ఇస్తారా?" అని అడగగా విన్నవాళ్ళున్నారా? నేనైతే వినలేదు.

పదో తరగతికి వచ్చేసరికి అడగడం కూడా మానేస్తారు. పబ్లిక్ పరీక్షల సంవత్సరం కదా, ఆ గడి కాగితం మీదే ఉంటుంది. ఇంటర్‌కి వచ్చాక చాలాచోట్ల కాగితం మీద కూడా ఉండదు. రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీ చదివే పిల్లాడి రోజు ఎలా గడుస్తుందో తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పాలా? తెల్లారకముందే లేపుతారు. మొహం కడుక్కోగానే స్టడీ అవర్. టిఫిన్. క్లాసులు. భోజనం. మళ్ళీ క్లాసులు. టీ, బిస్కెట్లు. మళ్ళీ స్టడీ అవర్. రాత్రి భోజనం. మళ్ళీ స్టడీ అవర్. వారం తిరిగేసరికి వీకెండ్ టెస్టు, దాని వెనకే ర్యాంకు, ఆ ర్యాంకును బట్టి సెక్షన్ మార్పు. దీనికి మైక్రో షెడ్యూల్ అని పేరు. అందులో ప్రతిదానికీ నిమిషాల లెక్క ఉంటుంది. కాళ్ళు కదిపే అవకాశం మాత్రం మెస్సు నుంచి క్లాసుకీ, క్లాసు నుంచి హాస్టలుకీ నడిచే దారిలోనే. చాలాచోట్ల ఈ మూడూ ఒకే భవనంలో ఉంటాయి కాబట్టి ఆ దారి అంటే మెట్లే.

మా మేనల్లుడు అలాంటి కాలేజీలోనే చదివాడు. ఆదివారం ఫోన్ చేతికిచ్చినప్పుడు వాడి మాటలు ఎప్పుడూ ఒకేలా ఉండేవి. తిన్నావా అంటే తిన్నాను, చదువుతున్నావా అంటే చదువుతున్నాను. ఒక ఆదివారం మాత్రం గొంతులో హుషారు వినిపించింది.

"మామయ్యా, మొన్న రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ కూడా మొరాయించింది."

"అయ్యో, స్టడీ అవర్‌లోనా?"

"అదే కదా మజా! కారిడార్‌లో క్రికెట్ ఆడేశాం."

బ్యాటెక్కడిదిరా అంటే పరీక్ష అట్ట. బంతేమో సాక్సులు ఉండచుట్టి రబ్బరుబ్యాండ్లు వేసినది. నీళ్ళ సీసాలే వికెట్లు. మూలన వెలుగుతున్న ఎమర్జెన్సీ లైటే ఫ్లడ్‌లైటు. బంతి ఎదుటి గోడకు తగిలితే రెండు పరుగులు, వార్డెన్ గది తలుపుకు తగిలితే అవుట్. తలుపుకు తగలనే తగిలింది. వార్డెన్ టార్చి పట్టుకుని బయటికొచ్చాడు. ఆయనా డిగ్రీ పూర్తిచేసి ఏడాది తిరగని కుర్రాడే. అందరూ బిగుసుకుపోతే, కాసేపు చూసి, "ఒక్క ఓవర్ నాకివ్వండ్రా" అన్నాడట. "అన్నిట్లోనూ ఫస్టొచ్చే మా సెక్షన్ టాపర్ సున్నాకే అవుటయ్యాడు మామయ్యా. అందరికంటే వాడే ఎక్కువ నవ్వాడు. వాడు నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి" అన్నాడు. ఫోన్ పెట్టేసేముందు ఇంకో మాట కూడా చెప్పాడు: ఆ రాత్రి పడుకోగానే నిద్రపట్టేసిందట.

ఆ నిద్ర ఎందుకు పట్టిందో శాస్త్రం చెబుతుంది. భయం వేసినప్పుడు ఒళ్ళు రెండు పనులకు సిద్ధమవుతుందని అమెరికాలో వాల్టర్ కానన్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త వందేళ్ళ కిందటే వివరించాడు. తిరగబడటానికి, లేదా పారిపోవడానికి. అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది, రక్తం కండరాలవైపు మళ్ళుతుంది, అరుగుదల మందగిస్తుంది. పరీక్షరోజు పొద్దున ఇడ్లీ గొంతు దిగకపోవడం ఇందుకే. భయం వారాల తరబడి సాగితే కార్టిసాల్ అనే హార్మోను కూడా హద్దు మీరి, నిద్రనూ జ్ఞాపకశక్తినీ దెబ్బతీస్తుంది. ఇంత సన్నాహమూ కాళ్ళకూ చేతులకూ పని చెప్పడానికి. మన పిల్లాడేమో బెంచీ మీద కూర్చుని ఉంటాడు. ఓఎంఆర్ షీటు మీద తిరగబడలేడు, హాలు వదిలి పారిపోలేడు. పరుగుకు సిద్ధమైన ఒంటికి పరుగు దొరక్కపోతే ఆ సత్తువంతా గోళ్ళు కొరకడానికీ, కాలు ఊపడానికీ, అర్ధరాత్రి దాకా తిరిగే ఫ్యాను వంక చూస్తూ పడుకోవడానికీ ఖర్చయిపోతుంది.

ఆడితే అది సరైన దారిన ఖర్చవుతుంది. ఆట అయ్యాక ఊపిరి కుదుటపడుతుంది, ఒళ్ళు తనంతట తానే నిద్ర అడుగుతుంది. దీనితోపాటు ఎవరూ పెద్దగా చెప్పుకోని మేలు ఒకటుంది. రోజూ పరుగెత్తే పిల్లకు గుండె దడదడా కొట్టుకోవడం తెలిసిన సంగతే. కొట్టుకుంటుంది, కాసేపటికి సర్దుకుంటుంది. అదే దడ పరీక్ష హాల్లో వచ్చినప్పుడు నాకేదో అయిపోతోందని హడలిపోదు. ఎప్పుడూ పరుగెత్తని పిల్లకు దడ అంటే భయమొక్కటే గుర్తొస్తుంది.

ఇంతవరకూ డాక్టర్లు చెప్పేదే. ఒళ్ళు అలసిపోవడమే మొత్తం మందైతే హాస్టల్ మెట్లు పదిసార్లు ఎక్కి దిగినా సరిపోవాలి. ఆటలో ఇంకేదో ఉంది. అదేమిటో నాకు మా వీధి చివర ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలు గ్రౌండులో తెలిసింది.

సాయంత్రం లాంగ్ బెల్ కొట్టాక ఇళ్ళకు పోని పిల్లలు అక్కడ సున్నంతో గీతలు గీసుకుని కబడ్డీ ఆడతారు. నడకకు బయల్దేరిన నేను అక్కడే ఆగిపోతుంటాను. ఎనిమిదో తరగతి చదువుతున్న బక్కపిల్లాడొకడు కూతకు వెళ్ళాడంటే దొరికిపోవలసిందే. కూత మాత్రం వీధంతా వినపడేలా పెడతాడు. అవతలి జట్టులో మూలనున్నవాడు చీలమండ దొరకబుచ్చుకుంటాడు, మిగతావాళ్ళు మీద పడతారు, కూత ఆగిపోతుంది. లేచి, నిక్కరు దులుపుకుని, గీత బయట చతికిలబడతాడు. వాడి హడావుడి అక్కణ్ణించి చూడాలి. "ఒరేయ్, వెనకోణ్ణి చూసుకోరా! తొందరపడొద్దురా! ఇప్పుడు పట్టు, పట్టు, పట్టు!" లోపల ఆడేవాళ్ళకంటే బయట కూర్చున్న వీడికే ఎక్కువ చెమట. తన జట్టు అవతలి కూతగాణ్ణి పడగొట్టగానే చప్పట్లు కొడుతూ లేచి మళ్ళీ బరిలోకి దూకుతాడు. ఎవరూ వాడికి అనుమతి ఇవ్వక్కర్లేదు. కబడ్డీ నియమమే అది. మనవాళ్ళు అవతల ఒకణ్ణి అవుట్ చేస్తే, మనలో అందరికంటే ముందు అవుటైనవాడు వెనక్కి వస్తాడు. పల్లెల్లో పిల్లలు ఈ రెంటినీ చావడం, బతకడం అనే అంటారు. ఒక్క సాయంత్రంలో తాను ఎన్నిసార్లు చచ్చి బతికాడో ఆ బక్కపిల్లాడు లెక్కపెట్టుకోడు.

ఈ నియమాన్ని తీసుకెళ్ళి వీకెండ్ టెస్టు పక్కన పెట్టి చూడండి. కబడ్డీలో పక్కవాడు గెలిస్తే నేను లోపలికొస్తాను. ర్యాంకు లిస్టులో పక్కవాడు పైకెళితే నేను కిందికి జారతాను. కబడ్డీలో అవుటైనవాడికి చేయవలసిన పని ఒకటి మిగిలే ఉంటుంది: తనవాళ్ళ కోసం గొంతు చించుకోవడం. సెక్షన్ మారినవాడికి పెట్టె సర్దుకోవడం తప్ప చేయడానికేమీ ఉండదు. ఆటలో ఓడిన సంగతి గ్రౌండు దాటదు, ఇంటికెళ్ళేసరికి వాడే మర్చిపోతాడు. టెస్టులో తగ్గిన మార్కులు వాడికంటే ముందు నాన్న ఫోనుకు చేరిపోతాయి. పిల్లల మీద ఒత్తిడి అనగానే మనకు పుస్తకాల బరువు, సిలబస్ భారం గుర్తొస్తాయి. బరువు మోయలేక కుంగిపోయేవాళ్ళు తక్కువే. ఒక్కసారి పడితే లేపేవాళ్ళుండరని, పక్కన కూర్చున్న స్నేహితుడే పోటీదారని, ఈ పరీక్ష పోతే ఇక వెనక్కి రాలేమని నమ్మినవాళ్ళే ఎక్కువగా కుంగిపోతారు. గెలవడం నేర్పుతామని బోర్డు పెట్టిన సంస్థలు మనకు వీధికొకటి ఉన్నాయి. ఓడి, కూర్చుని, లేచి మళ్ళీ ఆడటాన్ని రోజూ సాధన చేయించేది ఆటస్థలమే. మనం దానికి తాళం వేశాం.

తాళం వేయని చోట కూడా మనం చేసిన పని చిన్నది కాదు. హోంవర్క్ చేయకపోతే గుంజీళ్ళు. ఆలస్యంగా వస్తే గ్రౌండు చుట్టూ పరుగు. మాట్లాడితే గోడకుర్చీ. తొడల కండరాలకు గోడకుర్చీ మంచి వ్యాయామమని జిమ్‌కి వెళ్ళే ఎవరినడిగినా చెబుతారు. మనం దాన్ని బుద్ధి చెప్పే సాధనంగా వాడుకున్నాం. పదేళ్ళపాటు పరుగంటే శిక్ష అని నేర్పించి, నలభై దాటాక మార్నింగ్ వాక్‌కి ఎందుకు బద్ధకిస్తున్నావని అడిగితే ఏం జవాబు చెబుతాడు?

వ్యాయామాన్ని శిక్షగా చూసే ఈ కవాతు వాసన పాతదే. బ్రిటిష్ కాలపు బడుల్లో వ్యాయామమంటే సిపాయిల డ్రిల్లు. అటెన్షన్, స్టాండటీజ్, లెఫ్ట్ రైట్. 1920లో హారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల పెట్టాక, వ్యాయామ విద్య ఒక శాస్త్రమని, దాన్ని చెప్పే ఉపాధ్యాయులకు ప్రత్యేక శిక్షణ కావాలని మన దేశంలో గుర్తింపు వచ్చింది. తెలుగు బడుల్లో ఈ ఉద్యోగం చేసినవాళ్ళు సామాన్యులు కారు. ఒంటికి కట్టిన గొలుసులు తెంచి, ఏనుగును ఛాతీ మీద ఎక్కించుకుని కలియుగ భీముడనిపించుకున్న వీరఘట్టం వాసి కోడి రామ్మూర్తినాయుడు సర్కస్ కంపెనీ పెట్టకముందు విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడు. 1951లోనూ 1962లోనూ భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిపెట్టిన, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా నడిపించిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదు బడిపంతులు. ఆ ఉద్యోగానికి వారసులైన ఈనాటి పీఈటీ సార్లకు మనం అప్పజెప్పిన పనులు చూడండి. ప్రేయర్‌లో లైన్లు సరిచేయడం, టై కట్టుకోనివాళ్ళను పట్టుకోవడం, ఆగస్టు పదిహేనుకు మైకు తెప్పించడం, సెలవు పెట్టిన టీచరు క్లాసులో అల్లరి కాకుండా చూడటం. ఇవన్నీ అయ్యాక సమయం మిగిలితే ఆటలు.

ఆటలంటే మనకు గౌరవం లేదనడం కూడా అన్యాయమే. పతకం తెస్తే ఊరేగిస్తాం. పిల్లను బ్యాడ్మింటన్‌లో చేర్చిన తండ్రిని కదిపితే మొదటి ప్రశ్న "స్పోర్ట్స్ కోటాలో సీటొస్తుందా అండీ?" అని. పతకమో సీటో చేతికొస్తేనే అది ఆట, లేకపోతే టైం వేస్టు. ఈ లెక్కన బాగా ఆడేవాళ్ళకే ఆటలు దక్కుతాయి. ఆట అందరికంటే అవసరమైనవాళ్ళు, అంటే పరుగెత్తలేనివాళ్ళు, సిగ్గుపడేవాళ్ళు, లావుగా ఉన్నామని వెనక్కి జరిగేవాళ్ళు గ్రౌండు చుట్టూ ఉన్న చెట్ల కింద మిగిలిపోతారు. ఇద్దరు కెప్టెన్లు ఒక్కొక్కరినే కోరుకుంటూ పోతుంటే చిట్టచివర మిగిలినవాడి మొహం మీరెప్పుడైనా చూశారా? గేమ్స్ పీరియడ్ పేరుతో వాడికి దొరికింది ఇంకో ర్యాంకు లిస్టే.

ఆడపిల్లల సంగతి మరీను. ఆరో తరగతి దాకా మగపిల్లలతో సమానంగా ఖోఖో ఆడిన పిల్ల ఎనిమిదికొచ్చేసరికి చున్నీ సర్దుకుంటూ గట్టున కూర్చుంటుంది. గ్రౌండు పక్కన శుభ్రమైన బాత్రూం ఉండదు, ఆడపిల్లలకు వేరే సమయం ఉండదు, గోడ మీద కూర్చుని చూసే మగపిల్లలకు అడ్డూ ఆపూ ఉండదు. ఆడటం ఇష్టం లేదులే అనేస్తాం. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో బరువులెత్తిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయింది. ఆ పేరు జనరల్ నాలెడ్జ్ బిట్‌గా బట్టీ పట్టించే బడిలోనే, అది బట్టీ పడుతున్న పిల్లకు బంతి అందదు.

బాగా ఆడలేనివాళ్ళు ఇలా గట్టున మిగిలిపోవడానికి మందు కనిపెట్టినవాళ్ళున్నారు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని నేపర్‌విల్ అనే పట్నంలో ఫిల్ లాలర్ అనే వ్యాయామోపాధ్యాయుడు 1990లలో పిల్లల చేత గుండె వేగం చూపించే మీటర్లు కట్టించి పరుగెత్తించాడు. ఒక అమ్మాయి వెనకబడి వస్తోంది. పాత పద్ధతిలో అయితే ఆమెకు దక్కేది చీవాటే. మీటరు చూస్తే ఆమె గుండె దాదాపు గరిష్ఠ వేగంతో కొట్టుకుంటోంది. శక్తికి మించి కష్టపడుతున్న పిల్ల ఆమె. అక్కణ్ణించి ఆ బడిలో ఎంత వేగంగా పరుగెత్తావన్నదానికి బదులు నీ శక్తిలో ఎంత పెట్టావన్నది చూసి మార్కులు వేయడం మొదలుపెట్టారు. ఈ కథను జాన్ రేటీ అనే మానసిక వైద్యుడు 2008లో వచ్చిన 'స్పార్క్' అనే పుస్తకంలో రాశాక అది చాలామందికి తెలిసింది. మీటర్లు కొనడం మన బడుల తరం కాకపోవచ్చు. నిన్నటికంటే ఇవాళ ఒక్క చుట్టు ఎక్కువ పరుగెత్తావని వెన్ను తట్టడానికి మీటరు అక్కర్లేదు.

కాగితాల మీద మనకు లోటేమీ లేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో బడికి ఆటస్థలం ఉండాలని ఉంది, ఆట సామాను ఇవ్వాలని ఉంది. సీబీఎస్ఈ 2018లో తొమ్మిది నుంచి పన్నెండు తరగతులకు ఆరోగ్య, వ్యాయామ విద్యను తప్పనిసరి చేసింది. అయిదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ వయసు పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చిన ఒక విద్యార్థిని మరణం మీద విచారణ జరిపిన సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. కౌన్సెలర్లను పెట్టమని చెప్పిన ఆ తీర్పులోనే క్రీడలకూ కళలకూ ప్రాధాన్యం ఇవ్వమని కూడా ఉంది. మన ఊరి పిల్లల చేత బంతాట ఆడించండని అత్యున్నత న్యాయస్థానం చెప్పవలసి వచ్చింది.

ఆట సర్వరోగ నివారిణి అని నేననను. 1999లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్ళు డిప్రెషన్ ఉన్న 156 మందిని నాలుగు నెలలపాటు పరిశీలించి, వ్యాయామం చేసినవాళ్ళు కూడా మందు వేసుకున్నవాళ్ళకు దగ్గరగానే కోలుకున్నారని రాశారు. వాళ్ళంతా యాభై దాటినవాళ్ళు, డాక్టర్ల కనుసన్నల్లో ఉన్నవాళ్ళు. తిండి మానేసి, నిద్ర లేక, బతుకు మీద విరక్తిగా మాట్లాడే పిల్లను "కాసేపు షటిల్ ఆడుకో, అదే పోతుంది" అని పంపేయడం తప్పు. అలాంటప్పుడు వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్ళు ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడతారు. ఆట పని అంతకంటే ముందుది. పిల్లల్ని ఆ దశదాకా రానీయకుండా రోజూ కాస్త కాస్త బరువు దించడం.

"రోజూ గంట ఆటకు పోతే రెండు చాప్టర్లు పోతాయి కదండీ" అంటారు తల్లిదండ్రులు. పద్నాలుగు గంటలు కూర్చున్నవాడు పద్నాలుగు గంటలూ చదువుతున్నాడని నమ్మేవాళ్ళే ఆ మాట అంటారు. స్టడీ అవర్ చివర్లో వెనక బెంచీలవైపు ఒకసారి చూసిరండి. పుస్తకం తెరిచే ఉంటుంది, కళ్ళూ తెరిచే ఉంటాయి. చదువు మాత్రం ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది.

ఏటా అడ్మిషన్ల కాలం వస్తుంది. పీఆర్వోలు బ్రోషర్లు పట్టుకుని ఇళ్ళకు వస్తారు. పోయినేటి ర్యాంకులు, ఏసీ గదులు, ఫీజు రాయితీ గురించి గడగడా చెబుతారు. అంతా విని, "మీ గ్రౌండెక్కడండీ?" అని అడగండి. వెళ్ళి చూడండి. అందులో కార్లు పెట్టి ఉంటే ఇంకో కాలేజీ చూసుకోండి. పిల్ల బడిలో ఉంటే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల కాగితం మీద సంతకం పెట్టేముందు, ఈ నెలలో గేమ్స్ పీరియడ్ ఎన్నిసార్లు జరిగిందో క్లాస్ టీచర్‌ని అడగండి. ఒకరు అడిగితే నవ్వి ఊరుకుంటారు. నలుగురు అడిగితే టైంటేబుల్ మారుతుంది. ఫీజు కట్టేవాళ్ళ మాట కాలేజీలు వింటాయి, ఆ ఫీజు కట్టేది మనమే.